‘అప్రూవ్’ అయింది సరే, గ్రీన్ కార్డు ఎప్పుడు?

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మేముండే అపార్ట్‌మెంటులో పై అంతస్తు పెద్దాయన నాలుగేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి మైసూర్‌పాకు పంచారు. డాలస్‌లో ఉన్న కొడుక్కి ‘ఐ-140 అప్రూవ్’ అయిందని, అంటే కంపెనీ అతని గ్రీన్ కార్డు కోసం వేసిన పిటిషన్ మంజూరైందని కబురు. ‘‘ఇక గ్రీన్ కార్డు వచ్చేసినట్టేనటండీ’’ అన్నారు. మొన్న లిఫ్టు దగ్గర కలిసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ‘‘మావాడి ఫైలు ఎక్కడో ఆగిపోయినట్టుంది. ఎవరినైనా పట్టుకుంటే కదులుతుందంటారా?’’ అని అడిగారు.

ఫైలు ఎక్కడా ఆగలేదు. పట్టుకోవడానికి ఎవరూ లేరు. మైసూర్‌పాకు పంచిన రోజున ఆ అబ్బాయికి ఖాయమైంది వరసలో చోటు. వరస ఎంత పొడుగన్నది ఆ కాగితం మీద రాయరు.

ఈ అయోమయం ఆయన ఒక్కరిదే కాదు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ సంతకం చేశాక, ఆ వారమంతా ఇక్కడ టీ కొట్ల దగ్గర కూడా ‘గ్రీన్ కార్డుకు లక్ష డాలర్లట’ అన్న మాటే. ఆ రుసుము హెచ్-1బికి సంబంధించింది. అది కూడా అప్పటికే అమెరికాలో ఉండి గడువు పొడిగించుకునేవారికి, చదువు వీసా నుంచి మారేవారికి వర్తించదని మరుసటి నెలలో వివరణ వచ్చింది. రుసుము మీద సంతకం చేసిన రోజునే, పది లక్షల డాలర్లు చెల్లించేవారికి శాశ్వత నివాసానికి దారి చూపే ‘గోల్డ్ కార్డ్’ ఉత్తర్వు కూడా వెలువడడంతో రెండు వార్తలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం: మూడు వేర్వేరు మెట్లు

హెచ్-1బి తాత్కాలిక ఉద్యోగ వీసా. 1990 చట్టంతో వచ్చింది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. మామూలుగా ఆరేళ్లకు మించి ఉండదు.

గ్రీన్ కార్డు అంటే శాశ్వత నివాస హోదా. ఏ కంపెనీలోనైనా పనిచేయవచ్చు; ఉద్యోగం పోతే అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవలసిన అవసరం లేదు. కార్డు మీద పదేళ్ల గడువు కనిపిస్తుంది కానీ ఆ గడువు ప్లాస్టిక్ ముక్కది, హోదాది కాదు. అలాగని పేరులోని ‘శాశ్వత’ను మరీ నమ్ముకోవడానికీ లేదు. అక్కడ కాపురం ఎత్తేస్తే హోదా పోతుంది, కొన్ని నేరాలకూ పోతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే భార్యగానో భర్తగానో కార్డు పొందితే అది రెండేళ్ల షరతుల కార్డే. గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి కాపురం నిజమైనదని మళ్లీ రుజువు చూపాలి.

గ్రీన్ కార్డు ఉన్నవారు భారత పౌరులుగానే ఉంటారు, పాస్‌పోర్టు మనదే. ఐదేళ్లు గడిచాక, పౌరుణ్నో పౌరురాలినో పెళ్లాడి కలిసి ఉంటే మూడేళ్లకు, అమెరికా పౌరసత్వానికి అర్హత వస్తుంది. అది తీసుకుంటే మన 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే రద్దవుతుంది. ఆ తరవాత మిగిలేది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. చాలామంది ‘రెండు పౌరసత్వాలు’ అని చెప్పుకునేది దీన్నే. కానీ ఓసీఐకి ఓటు లేదు.

ఎవరు పిలిస్తే ఏ వరస

గ్రీన్ కార్డుకు మనంతట మనం దరఖాస్తు పెట్టుకునే దారులు తక్కువ. చాలావాటిలో ఒకరు పిలవాలి, అంటే కుటుంబ సభ్యుడో కంపెనీయో మన తరఫున పిటిషన్ వేయాలి. పిలిచేవారు ఎవరన్నదాన్ని బట్టే వరస మారుతుంది.

చంద్రగిరిలో ఒక ఇల్లు అనుకుందాం. ఇద్దరు ఆడపిల్లలూ అమెరికాలో ఉన్నారు. పెద్దమ్మాయి పౌరురాలు, చిన్నమ్మాయికి గ్రీన్ కార్డు. ఊళ్లో తల్లిదండ్రులు, ఒక తమ్ముడు. పెద్దమ్మాయికి 21 ఏళ్లు నిండాయి కనుక అమ్మానాన్నలను పిలవవచ్చు. పౌరుల భార్యాభర్తలకు, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకు, తల్లిదండ్రులకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. కాగితాలు కదలడానికి పట్టే నెలలే తప్ప వరస లేదు. చిన్నమ్మాయికి అమ్మానాన్నలను పిలిచే హక్కే లేదు, ఎన్నేళ్లు ఆగినా సరే, పౌరురాలు అయ్యేదాకా. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, బహుశా ఒకే జీతం. తేడా అంతా హోదాలోనే.

తమ్ముడి సంగతి వేరు. అతణ్ని పెద్దమ్మాయి పిలవగలదు కానీ తోబుట్టువుల వర్గానికి ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలే, వాటిలోనే వారి భార్యలు, పిల్లలు కూడా. 2025లో ఈ వర్గంలో భారతీయులకు పిలుపు అందింది 2006లో వేసిన పిటిషన్లకు. పందొమ్మిదేళ్లు! పిటిషన్ వేసేనాటికి డిగ్రీ చదువుతున్న తమ్ముడు ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లేనాటికి తన పిల్లల ఇంటర్ ఫీజులు కడుతుంటాడు. అయినా మన ఇళ్లలో ‘అక్క ఫైల్ చేసి పెట్టింది’ అన్న మాట ఒక ఆస్తిలా చెప్పుకుంటారు. పెళ్లి సంబంధాల్లో కూడా.

ఉద్యోగ మార్గంలో ముఖ్యమైనవి మూడు వర్గాలు. అసాధారణ ప్రతిభావంతులు, పేరున్న పరిశోధకులు, బహుళజాతి కంపెనీల మేనేజర్లు మొదటి వర్గం, ఈబీ-1. మాస్టర్స్ లేదా దానికి సమానమైన అర్హత కోరే ఉద్యోగాలు ఈబీ-2. డిగ్రీతోనో నైపుణ్యంతోనో సరిపోయేవి ఈబీ-3. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో చుట్టుపక్కల కాలేజీల్లోనో బీటెక్ చేసి, అక్కడికి వెళ్లి ఎంఎస్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో చేరిన మన పిల్లల్లో ఎక్కువమంది ఈబీ-2, ఈబీ-3ల్లోనే ఉంటారు. ఈ రెంటికీ ముందు ‘లేబర్’ అనే ఘట్టం దాటాలి. కంపెనీ ఆ ఉద్యోగాన్ని ప్రకటించి, అర్హుడైన అమెరికన్ దొరకలేదని, ఆ ప్రాంతంలో ఆ పనికి ఉన్న జీతం ఇస్తున్నానని కార్మిక శాఖకు చూపాలి. ఇటీవల అక్కడే ఏడాదికి పైగా పడుతోంది. అది ముగిశాక వేసేదే ఐ-140. అదనపు రుసుము కడితే దాని ఫలితం 15 పనిదినాల్లో తెలిసిపోతుంది. ఇంత ప్రయాణంలో త్వరగా తేలే ఘట్టం ఇదొక్కటే. అందుకే దీనికి మైసూర్‌పాకు పంచుతారు.

టోకెన్ మీద ఉన్న తేదీ

ఇక ‘ప్రయారిటీ డేట్’. తిరుపతివాళ్లకు దీన్ని వివరించడం తేలిక. శ్రీనివాసంలోనో విష్ణునివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో సర్వదర్శనం టోకెన్ తీసుకుంటాం. టోకెన్ చేతిలో ఉంటే దర్శనం అయినట్టు కాదు. మన సమయం వచ్చినప్పుడు క్యూ లోపలికి వెళ్లడానికి హక్కు ఉన్నట్టు. ప్రయారిటీ డేట్ అలాంటి టోకెన్. కుటుంబ పిటిషన్‌కు అది వేసిన తేదీ. ఉద్యోగంలో లేబర్ దరఖాస్తు కార్మిక శాఖకు చేరిన తేదీ. హెచ్-1బి వచ్చిన తేదీ కాదు, ఐ-140 మంజూరైన తేదీ అంతకన్నా కాదు.

ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ ఒక పట్టిక వేస్తుంది, వీసా బులెటిన్. ఫలానా వర్గంలో, ఫలానా దేశంలో పుట్టినవారిలో ఫలానా తేదీకి ముందు టోకెన్ తీసుకున్నవారు రావచ్చు అని అందులో ఉంటుంది. 2025 చివరి నెలల్లో భారతీయులకు ఈబీ-2లోనూ ఈబీ-3లోనూ ఆ తేదీ 2013లో ఉంది. ఈబీ-1లో 2022. తేదీ దాటినవారిని ‘కరెంట్ అయ్యారు’ అంటారు. 2015 నుంచి బులెటిన్‌లో రెండు పట్టికలు. ఒకటి కార్డు ఇచ్చే తేదీ, మరొకటి కాస్త ముందుగా చివరి దరఖాస్తు పెట్టుకోనిచ్చే తేదీ. రెండోది అందినా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ దరఖాస్తు మీద పని చేసుకునే అనుమతి, ప్రయాణ అనుమతి వస్తాయి. 180 రోజులు గడిస్తే అదే తరహా ఉద్యోగానికి కంపెనీ మారవచ్చు.

తిరుమలతో పోలిక ఇక్కడితో ఆగుతుంది. కొండ మీద క్యూలో ‘మీరు ఏ దేశంలో పుట్టారు’ అని అడిగి వేరే కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టరు.

1,40,000 కాస్తా 934 అయ్యే లెక్క

ఉద్యోగ మార్గంలో ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000. ఈ అంకె 1990 చట్టంలోది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు రాని రోజుల్లో వేసిన అంకె, ఇప్పటికీ అదే. ఇందులో ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే 40,040. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతం మించకూడదన్నది నియమం. డిమాండు ఎక్కువున్న దేశానికి ఈ నిష్పత్తినే వర్గాల వారీగా పంచుతారు. 40,040లో 7 శాతం అంటే 2,803.

ఇంతేనా అనుకునేలోపు ఇంకో మెలిక. ఇది ఉద్యోగుల లెక్క కాదు, మనుషుల లెక్క. భర్త, భార్య, ఇక్కడే పుట్టి వెంట వెళ్లిన ఒక బిడ్డ, మొత్తం మూడు కార్డులు. 2,803ను మూడుతో భాగిస్తే ఏడాదికి సుమారు 934 కుటుంబాలు. హైదరాబాద్, బెంగళూరు, పుణె, చిత్తూరు అన్నీ కలిపి, 140 కోట్ల జనాభా ఉన్న దేశానికి.

నిజానికి ఇంతకన్నా ఎక్కువే వస్తాయి. ఇతర దేశాలవారు వాడుకోగా మిగిలినవి పాత తేదీలున్న వారికి జారతాయి. పాత తేదీలు మనవే. కొవిడ్ ఏడాదిలో కాన్సులేట్లు మూతపడి కుటుంబ వీసాలు మిగిలిపోవడంతో, మరుసటి ఏడాది అవి ఉద్యోగ ఖాతాకు చేరాయి. 2021 ఆర్థిక సంవత్సరంలో మొత్తం 2.62 లక్షలకు, 2022లో 2.81 లక్షలకు పెరిగింది. మన వాళ్లలో చాలామందికి కార్డులు వచ్చిన కాలం అదే. పక్కింటి అబ్బాయికి 2022లో వచ్చింది, మావాడికి ఎందుకు రాలేదు అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉంది.

అటుపక్క వరసలో ఎందరున్నారు? అమెరికాలోని కేటో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2023 అంచనాలో ఉద్యోగ వర్గాలన్నిటిలో నిరీక్షిస్తున్న కేసులు 18 లక్షలు, వాటిలో భారతీయులవి సుమారు 11 లక్షలు. కొత్తగా ఈబీ-2, ఈబీ-3ల్లో చేరే భారతీయుడు ఇదే వేగం సాగితే 134 ఏళ్లు ఆగాలని ఆ సంస్థే లెక్కగట్టింది. వలసలను పెంచాలనే సంస్థ అది, ఆ సంగతీ గుర్తుంచుకోవాలి. పైగా 134 ఏళ్లు ఆగే మనిషి ఉండడు కనుక, మధ్యలో వరస వదిలి వెళ్లేవారి వల్ల నిజమైన నిరీక్షణ తగ్గుతుంది. ఎంతకు తగ్గుతుందో ఎవరూ జోస్యం చెప్పలేరు.

తేదీ వెనక్కి నడిచే విడ్డూరం

బులెటిన్‌లో తేదీ ముందుకే పోవాలని లేదు. 2022 సెప్టెంబరులో ఈబీ-2 భారతీయుల తేదీ 2014 డిసెంబరు 1. అదే ఏడాది డిసెంబరు బులెటిన్‌లో 2011 అక్టోబరు 8. మూడు నెలల్లో మూడేళ్లు వెనక్కి. కారణం మాయ కాదు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. సెప్టెంబరులోగా ఆ ఏటి వీసాలు వాడకపోతే చేజారతాయి కనుక చివర్లో తలుపు బార్లా తెరుస్తారు. లోపలికి వచ్చినవారు కొత్త ఏడాది కోటాకు మించిపోతే మూసేస్తారు. బులెటిన్‌ను రైళ్ల టైంటేబుల్‌లా చదివితే మోసపోతాం. అది ఆ నెల వానను బట్టి కాలువ తూము ఎంత తెరవాలో చెప్పే చీటీ లాంటిది.

మరి ఇన్నేళ్లు అక్కడ ఎలా ఉంటున్నారు? 2000లో వచ్చిన చట్టం వల్ల. ఐ-140 మంజూరై, తేదీ రాకపోతే, ఆరేళ్లు దాటాక కూడా హెచ్-1బిని మూడేసి ఏళ్లు పొడిగిస్తారు. మంజూరయ్యాక పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా టోకెన్ తేదీ పోదు. కొత్త కంపెనీ లేబర్ మొదటి నుంచి చేయాలి గానీ పాత తేదీనే వాడుకోవచ్చు. ఇవే కారణాలుగా ఐ-140 విలువ తక్కువేమీ కాదు. దాన్ని గ్రీన్ కార్డు అనుకోవడమే చిక్కు.

కువైట్‌లో పుట్టిన కోడలు

ఏడు శాతం నియమం పౌరసత్వాన్ని చూడదు, పుట్టిన చోటును చూస్తుంది. మన ప్రాంతంలో ఇది ఉత్త సాంకేతిక వివరం కాదు. చిత్తూరు, అన్నమయ్య, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు కోకొల్లలు.

పలమనేరులో పుట్టిన ఇంజినీరు ఈబీ-2 వరసలో ఉన్నాడనుకుందాం, ప్రయారిటీ డేట్ 2020. అతని భార్య వాళ్ల నాన్న ఉద్యోగ రీత్యా కువైట్‌లో పుట్టింది, మూడో ఏటనే ఊరికి వచ్చేసింది, పాస్‌పోర్టు భారతదేశానిదే. చట్టం దృష్టిలో ఆమె లెక్క కువైట్ ఖాతాలో. అంతేకాదు, భార్యాభర్తలు విడిపోకుండా ఉండేందుకు భర్త కూడా ఆమె ఖాతాలో చేరవచ్చు. 2025లో ఈబీ-2లో ఎక్కువ దేశాలకు తేదీ 2023లో ఉంది కనుక ఈ దంపతులు అప్పటికే కరెంట్. అదే ఆఫీసులో, అదే రోజున, అదే పనికి ఫైల్ చేసిన పక్క సీటు పుంగనూరు అబ్బాయి 2013 వెనుక నిలబడి ఉంటాడు.

దీని తిరగేసిన రూపమూ ఉంది. భారతదేశంలో పుట్టి కెనడా పౌరసత్వం తీసుకున్నా వరస మారదు. పుట్టిన చోటు భారతదేశమే. పిల్లలు ఎక్కడ పుట్టారన్నది కూడా తల్లిదండ్రులకు అక్కరకు రాదు. ఈ మినహాయింపు భార్యాభర్తల మధ్య నడుస్తుంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుంది, పిల్లల నుంచి పైకి ఎక్కదు.

ఆలస్యమైన అప్రూవల్ అమ్మాయిని కాపాడిన తీరు

పిల్లలకు 21 ఏళ్లు దాటితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. దీన్ని కొంత సరిచేయడానికి 2002లో ఒక చట్టం వచ్చింది. దాని లెక్క వింతగా ఉంటుంది. వీసా అందుబాటులోకి వచ్చిన రోజున బిడ్డ వయసు నుంచి, పిటిషన్ ఆఫీసులో పరిశీలనలో ఉన్న కాలాన్ని తీసేస్తారు.

చిత్తూరులో ఉన్న తమ్ముడికి అక్క 2006లో పిటిషన్ వేసింది. అప్పుడతని కూతురికి మూడేళ్లు. 2025లో తేదీ వచ్చేనాటికి 22. పిటిషన్ మంజూరు కావడానికి ఐదేళ్లు పట్టి ఉంటే 22లో ఐదు తీసేసి 17, అమ్మాయి వెళుతుంది. ఆరు నెలల్లోనే మంజూరై ఉంటే ఇరవై ఒకటిన్నర, అమ్మాయి ఇక్కడే ఉండిపోతుంది. అప్పట్లో ‘త్వరగా అప్రూవ్ అయింది’ అని సంతోషించిన ఇల్లే నష్టపోతుంది. వరసలో నిలబడిన పద్దెనిమిదిన్నరేళ్లకు మాత్రం తగ్గింపు లేదు.

హెచ్-1బి ఉద్యోగుల వెంట హెచ్-4 వీసా మీద వెళ్లి అమెరికాలో పెరిగిన పిల్లలదీ ఇదే గతి. మూడేళ్ల వయసులో తిరుపతి నుంచి వెళ్లి, అక్కడే బడి, కాలేజీ చదివిన పిల్లవాడు 21 నిండాక తండ్రి వీసా నీడ నుంచి బయటికి వచ్చి చదువు వీసా వెతుక్కోవాలి. 15 పనిదినాల్లో తేలిన ఐ-140 అయితే వయసులోంచి తీయడానికి ఆ కొద్ది రోజులే మిగులుతాయి. 2023లో ఈ లెక్కకు బులెటిన్‌లోని రెండో పట్టికను, అంటే ముందు తేదీని, తీసుకునేలా సడలించారు. 2025 ఆగస్టులో మళ్లీ కార్డు ఇచ్చే తేదీకే మార్చారు.

ఏడు శాతం న్యాయమా?

1946 దాకా భారతీయులకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. ఆ ఏడాది చట్టం ఇచ్చిన కోటా ఏటా 100 మంది. 1965లో జాతుల వారీ కోటాలు ఎత్తేసి, మన దేశం ఉన్న తూర్పు అర్ధగోళంలోని దేశాలన్నిటికీ సమానంగా పరిమితి పెట్టారు. ఏడు శాతం ఆ ఆలోచనకు వారసురాలు. పెద్ద దేశానికీ చిన్న దేశానికీ ఒకే గీత అన్నది ఆనాడు వివక్షకు విరుగుడు.

ఇప్పుడు దాన్ని తొలగించాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. కంపెనీ పనిని చూసి తీసుకుంటుంది, పుట్టిన ఊరిని చూసి కాదు; ఐస్‌లాండ్‌కూ భారతదేశానికీ ఒకే గరిష్ఠం పెట్టడం సమానత్వం ఎలా అవుతుంది? నిలుపుకోవాలనేవారి మాటలోనూ పస లేకపోలేదు. గీత చెరిపేస్తే కొన్నేళ్లపాటు కార్డులన్నీ భారతీయులకే పోతాయి. ఫిలిప్పీన్స్ నర్సు, నైజీరియా శాస్త్రవేత్త మన వెనుక నిలబడతారు. మొత్తం పెరగదు కనుక బాధ చేతులు మారుతుందే కానీ తీరదు. హెచ్-1బి వల్ల జీతాలు పడిపోతున్నాయనే అమెరికన్ ఉద్యోగుల ఫిర్యాదు మూడో వైపు నుంచి వస్తుంది. వారికి ఈ వరస పొడుగ్గా ఉండడం లోపంగా కనిపించదు.

2019 జులైలో అమెరికా కాంగ్రెస్ దిగువ సభ ఈ పరిమితిని ఎత్తేసే బిల్లును 365–65 ఓట్లతో నెగ్గించింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన మార్పులతో ఆమోదించింది. రెండు రూపాలూ కలవకముందే ఆ సభ గడువు ముగిసింది. నాకు తోచేది ఏమిటంటే, పోరు ఏడు మీద జరుగుతోంది కానీ ఇరుకు 1,40,000లో ఉంది. భార్యాపిల్లలను ఆ లెక్కలోంచి తీసేసినా సగానికి పైగా ఊరట. దాన్ని ముట్టుకోవడానికి అక్కడి రెండు పార్టీలకూ ధైర్యం చాలలేదు.

అమ్మానాన్నల కార్డు, పుట్టుక పత్రం, మామిడితోట

పౌరులైన పిల్లలు తల్లిదండ్రులను పిలిస్తే వరస లేదన్నాం. కానీ ఇక్కడి పెద్దలు చాలామంది కోరుకునేది అక్కడ ఉండిపోవడం కాదు. మనవరాలి పుట్టినరోజుకు వెళ్లి, బ్రహ్మోత్సవాలకు తిరిగి రావడం. దానికి పదేళ్ల గడువుండే సందర్శక వీసా ఉంది, ప్రతిసారీ సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. గ్రీన్ కార్డు అలా కాదు. ఆరు నెలలు దాటి బయట ఉంటే విమానాశ్రయంలో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటే పని ఉంటే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. పైగా ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా, తిరుపతిలో వచ్చే ఇంటి అద్దెతో సహా, అమెరికా పన్ను పత్రంలో చూపించాలి. పిల్లలేమో తమ ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతానికి తగ్గలేదని పూచీ రాయాలి.

ఇక కాగితాలు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు ఊళ్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి పత్రం ఎక్కడిది? అలాంటివారికి నమోదు లేదని స్థానిక కార్యాలయం ఇచ్చే పత్రం, దానికి తోడు బడి రికార్డో, పుట్టుక తెలిసిన బంధువుల అఫిడవిట్లో అడుగుతారు. ఆపైన పేర్ల తగాదా. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఆధార్‌లో అది చివరన, పెళ్లి పత్రంలో మొదట. మన కళ్లకు నలుగురూ ఒకరే. అక్కడి అధికారికి నలుగురు మనుషులు. మనూళ్లో మాట మీద అనుమానం వస్తే కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తారు. అక్కడ ఆ పని నోటరీ అఫిడవిట్ చేస్తుంది, విఘ్నేశ్వరుడంత నమ్మకంగా కాకపోయినా.

ఆస్తి గురించి పెద్దలు తప్పకుండా అడిగేది ఒకటుంది. కొడుకు గ్రీన్ కార్డు తీసుకుంటే బంగారుపాళ్యం మామిడితోట ఏమవుతుంది? ఏమీ కాదు. ప్రవాస భారతీయులు, ఓసీఐలు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు. పక్కనే అమ్మకానికి వచ్చిన అర ఎకరాన్ని కొనడం మాత్రం కుదరదు. కొడుకు వరసలో ఇంకా హెచ్-1బి మీద ఉన్నా సరే ఇదే నియమం, ఎందుకంటే ఇక్కడ చూసేది కార్డును కాదు, అతను నివాసం ఉంటున్న దేశాన్ని.

ఇతర దేశాల వరసలు

కెనడాకు దేశాల వారీ పరిమితి లేదు. 2015 నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 1,200కు మార్కులు వేస్తారు. వయసు 30 దాటిన కొద్దీ మార్కులు తగ్గుతాయి. ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే మార్కులను 2025 మార్చిలో తీసేశారు. అయిదేళ్లలో రెండేళ్లు అక్కడ ఉంటే హోదా నిలుస్తుంది. ఆస్ట్రేలియాదీ పాయింట్ల పద్ధతే. కనీసం 65 అంటారు కానీ పిలుపు వచ్చేది సాధారణంగా అంతకన్నా పైన. 45 ఏళ్లు నిండకూడదు. జర్మనీలో బ్లూ కార్డు (నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి) ఉన్నవారికి జర్మన్ భాష బీ1 స్థాయి వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం. అమెరికా వరసతో పోలిస్తే కల లాంటి మాట, కాకపోతే భాష నేర్చుకోవాలి. బ్రిటన్‌లో అయిదేళ్లున్న నిరీక్షణను పదేళ్లకు పెంచాలని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదించింది.

మన జిల్లాల నుంచి ఎక్కువమంది వెళ్లే కువైట్‌లో కూలి పనివారికీ ఇంటి పనివారికీ శాశ్వత నివాసమన్న మాటే లేదు. ముప్పై ఏళ్లు పనిచేసినా అకామా (నివాస అనుమతి) రెన్యువలే. వారి పిల్లలు అక్కడ పుట్టినా కువైట్ పౌరులు కారు. ఆ పుట్టుక పత్రం ఎక్కడో అమెరికా వరసలో అక్కరకు రావడం కేవలం చట్టాల చమత్కారం.

లిఫ్టు దగ్గర పెద్దాయనకు ఇదంతా చెప్పే సమయం లేదు. కొడుకు ప్రయారిటీ డేట్ కనుక్కోమన్నాను. సాయంత్రం ఫోనులో వచ్చిన మెసేజ్ చూపించారు: 2020 మార్చి, ఈబీ-2. ఆయన వేళ్ల మీద 2013 నుంచి 2020 దాకా లెక్కపెట్టి, ‘‘ఏడేళ్లేగా’’ అన్నారు. ఏడేళ్ల టోకెన్లు ఏడేళ్లలో కదలవని చెప్పడానికి నోరు రాలేదు.

‘‘మీ కోడలు ఎక్కడ పుట్టిందండీ?’’ అని అడిగాను.

‘‘మదనపల్లెలోనే. ఏం, ఎందుకు?’’